నేను గీసిన ఇళ్ళలో ఉండలేకపోయినవాళ్ళు

నేను ప్లాను గీసిన ఒక ఇంటి కిటికీని ఆ ఇంటి ముసలామె రోకలితో పగలగొట్టింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఓవర్సీరుగా ఎన్నో ఏళ్ళు పనిచేశాను. బడులు కట్టించాను, మోరీలు కట్టించాను, బావులకు ఒరలు దింపించాను. అవన్నీ కలిసి నేర్పనిది ఆ ఒక్క రోకలి దెబ్బ నేర్పింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను కలిసినప్పుడు సిమెంటు పాళ్ళ గురించి, ఇనుము గురించి అడుగుతారు. అవి పుస్తకాల్లో ఉన్నాయి, చదువుకోండి. నేను ఇక్కడ రాసేది పుస్తకాల్లో లేనిది. ఇది నా గొప్ప చెప్పుకోవడం కోసం రాస్తున్నది కాదని ముందే చెబుతున్నాను. ఇందులో చాలావరకు నేను చేసిన తప్పులే ఉన్నాయి.

మా ఇంజనీరు గారి బొమ్మల పుస్తకం

మాది ఆలంపూర్ దగ్గర ఒక పల్లె. నేను పుట్టిన ఇల్లు రాతి గోడల మట్టి మిద్దె. ఇంటి నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ గదులు. అలాంటి దాన్ని మా వైపు భవంతి ఇల్లు అంటారు. వంటింటి కప్పుకు గవాచి ఉండేది, అంటే పొగ పోవడానికి, వెలుతురు రావడానికి వదిలిన రంధ్రం. వాన వచ్చినప్పుడు మిద్దె ఎక్కి దాని మీద పగిలిన కుండ బోర్లించడం చిన్నప్పుడు నా పని. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నాకు తెలియక తప్పు చేశాననుకునే వీలు నాకు లేదు. అంతా తెలిసే హైదరాబాదు వెళ్ళి, ఓవర్సీరు పరీక్ష పాసై, తెలిసినదంతా మరిచిపోయి తిరిగి వచ్చాను.

పందొమ్మిది వందల యాభైల్లో నాకు నల్లగొండ జిల్లాలో ఉద్యోగం దొరికింది. అక్కడ మా ఇంజనీరు గారు పట్నం మనిషి. చాలా పనిమంతుడు. ఇసుకలో మట్టి కనిపిస్తే బండిని వెనక్కి పంపేవారు. స్లాబు వేసిన రోజు మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి నీళ్ళు పోయించేవారు. కాంక్రీటు గురించి నాకు తెలిసినదంతా ఆయన పెట్టిన భిక్షే. అయితే ఆయన దగ్గర ఒక పెద్ద బొమ్మల పుస్తకం ఉండేది. విదేశీ పత్రికల్లో వచ్చిన ఇళ్ళ ఫొటోలు కత్తిరించి అందులో అతికించుకునేవారు. గుండ్రటి మూలలు, గోడంత అద్దాలు, చదునైన కప్పులు, నున్నటి గచ్చులు. ఖాళీ దొరికితే నన్ను పిలిచి చూపించేవారు.

"జర చూడవయ్యా, ఎంత సాఫ్‌గా ఉన్నదో! మనోళ్ల ఇండ్లు చూడు. గోడలకు తొర్రలు, కప్పులకు తొర్రలు. ఎలుకలు కట్టుకున్నట్టుంటయ్."

నేను నవ్వేవాణ్ణి. ఆ ఫొటోల్లో ఇళ్ళు చాలావరకు చలి దేశాలవి. మిగిలినవాటి కప్పులకు పంకాలు వేలాడుతున్నాయి. మా సబ్‌డివిజనులో సగం ఊళ్ళకు కరెంటు స్తంభం కూడా రాలేదు. ఆ మాట అప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు.

సాయిరెడ్డి ఇల్లు

రామన్నపేట పక్క ఊళ్ళో సాయిరెడ్డి అని ఒక రైతు ఉండేవాడు. బావి కింద ఇరవై ఎకరాలు, మంచి పేరున్న మనిషి. పట్నంలో ఎవరిదో కొత్త ఇల్లు చూసి వచ్చి, అలాంటిది తనకూ కావాలని మా ఇంజనీరు గారి దగ్గరకు వచ్చాడు. ఆయన నన్ను పంపించారు. ఉద్యోగంలో చేరాక ఒక కుటుంబం కోసం నేను సొంతంగా గీసిన మొదటి ప్లాను అదే. రెండు వారాలు కూర్చుని గీశాను. బొమ్మల పుస్తకంలో మాకు నచ్చినవన్నీ అందులోకి వచ్చాయి. ముందు హాలు మూల గుండ్రంగా తిరిగింది. నడుమ వాకిలి పోయింది. హాలుకు ఆనుకుని పడకగది, దానికి కిటికీగా మనిషెత్తు అద్దం. ఆ అద్దం తెరుచుకోదు, చట్రంలో బిగించేస్తారు. ఊచలు కూడా పెట్టలేదు, ఊచలు పెడితే జైలులా ఉంటుందని ఇంజనీరు గారు అన్నారు. గోడల పైభాగాన గాలికోసం నేను చిన్న కంతలు గీస్తే, ఆయన ఎర్ర పెన్సిలుతో కొట్టేశారు. నేను వాదించలేదు.

ప్లాను చదివి వినిపించడానికి వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు సాయిరెడ్డి, ఆయన బంధువులు అరుగు మీద కూర్చున్నారు. సాయిరెడ్డి తల్లి నర్సమ్మ గడప లోపల నిలబడి వింటోంది. ఆమెకు అరవై దాటి ఉంటాయి. అంతా విని అడిగింది.

"నడుమ వాకిలి లేకపాయె. జొన్నలు ఏడ ఆరబోస్తం బిడ్డా?"

"బయట ఆరబోసుకోవచ్చవ్వా," అన్నాను.

"పొగ ఏడికెల్లి పోతది?"

"ఇది పట్నం తీరు ఇల్లవ్వా. గిండ్ల పొగ రాదు."

"పొగ రాదా? మరి పొయ్యిల ఏం పెడ్తరు?"

అరుగు మీద ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు. "నువ్వు ఊకోయే అమ్మా, సారు సదువుకున్నడు," అన్నాడు సాయిరెడ్డి. నేను కూడా నవ్వాను. ఆమె అడిగిన మూడు ప్రశ్నలూ నన్ను ఏ పరీక్షలోనూ ఎవరూ అడగలేదు. అందుకే నవ్వాను.

ఇల్లు పూర్తయింది. పట్నం నుంచి వచ్చిన వడ్లాయన తలుపులు ఎంత బాగా బిగించాడంటే, చట్రానికీ రెక్కకూ మధ్య చీమ దూరదని నేను అందరికీ చెప్పుకున్నాను. చుట్టుపక్కల ఊళ్ళ జనం బండ్లు కట్టుకుని వచ్చి ఆ ఇల్లు చూసి వెళ్ళారు. పిల్లలు అద్దంలో ముఖాలు చూసుకుని వెక్కిరించుకున్నారు. నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

ఆ ఉదయం

ఏడాది తరువాత, చలికాలంలో, స్లాబు కింద తెల్లటి చారలు వస్తున్నాయని సాయిరెడ్డి కబురు పంపాడు. ఉదయం పది గంటల వేళ సైకిలు మీద వెళ్ళాను. హాల్లో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. ఆయన భార్య అండాలు పన్నెండు రోజుల బాలింత. తల్లి లేని పిల్ల కాబట్టి పురుడు అత్తగారింట్లోనే పోశారు. పుట్టింది ఆడపిల్ల.

మా ఊళ్ళలో బాలింతకు పొద్దున తలంటి, ఒళ్ళు కాచి, గదిలో నిప్పుల కుంపటి పెట్టి తల్లినీ బిడ్డనూ పడుకోబెడతారు. చలిగాలి తగలకూడదని తలుపు వేసి, తలుపు కింద సందులో పాత గుడ్డ కూడా కుక్కుతారు. తరతరాలుగా అలాగే చేస్తున్నారు. మా అమ్మకూ అలాగే చేశారు. ఆ రోజు అండాలుకూ అలాగే చేశారు. నేను వచ్చేసరికే గది తలుపు వేసి ఉంది.

ఆ గది తలుపు నేరుగా హాల్లోకి తెరుచుకుంటుంది. నేనే అక్కడ పెట్టాను. పాత ఇళ్ళలో ఆడవాళ్ళ గదులు లోపలి వాకిలి వైపు ఉంటాయి, బయటి మగవాడు వచ్చి కూర్చుంటే వాళ్ళకు ఏ ఇబ్బందీ ఉండదు. ఇక్కడ నా గొంతు వినిపించగానే అండాలు లేచి లోపలి నుంచి గొళ్ళెం పెట్టుకుంది. ఆ చప్పుడు నేను విన్నాను. పట్టించుకోలేదు.

చాయ్ అయింది. మిద్దె ఎక్కి చూసి దిగాను. ఒక గంట గడిచి ఉంటుంది. నర్సమ్మ గంజి గిన్నె పట్టుకుని వచ్చి తలుపు తట్టింది.

"అండాలూ, జర తియ్యి బిడ్డా."

చప్పుడు లేదు. మళ్ళీ తట్టింది. మరోసారి గట్టిగా పిలిచింది. పన్నెండు రోజుల పసికందు ఆ అలికిడికి లేవాలి, ఏడవాలి. ఏడుపు లేదు. నర్సమ్మ చేతిలో గిన్నె కింద పెట్టి నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆమెకు ఏదో అర్థమైంది, నాకు ఇంకా కాలేదు.

సాయిరెడ్డి భుజంతో తలుపును గుద్దాడు. నేను కూడా గుద్దాను. టేకు తలుపు, ఇనుప గొళ్ళెం. చీమ దూరదని చెప్పుకున్న తలుపు. అది కదలలేదు. మేము ఇద్దరం మగవాళ్ళం ఆ తలుపుతో పోరాడుతుండగానే నర్సమ్మ వంటింట్లోకి వెళ్ళి రోకలి తీసుకుని పెరటి దారిన పరుగెత్తింది. నేను వెనకాలే వెళ్ళాను. ఆమె అద్దం ముందు నిలబడి రోకలి ఎత్తి కొట్టింది. మొదటి దెబ్బకు పగులు వచ్చింది. రెండో దెబ్బకు అద్దం మొత్తం కూలింది. లోపలి నుంచి వేడిగాలి నా ముఖానికి కొట్టింది. పొగ కూడా లేదు. పొగ ఉంటే ఎవరో ఒకరు పసిగట్టేవాళ్ళం.

సాయిరెడ్డి గాజుపెంకుల మీదుగా లోపలికి దూకాడు. ముందు పసిదాన్ని అందించాడు. నర్సమ్మ నెత్తుటి చేతులతో అందుకుంది. తరువాత నేనూ లోపలికి దిగి, ఇద్దరం కలిసి అండాలును ఎత్తుకుని బయటికి తెచ్చి నేల మీద పడుకోబెట్టాం. ఆమె ముఖం ఎర్రగా, నిద్రపోతున్నట్టే ఉంది. నోరు తెరిచి ఉంది. ఆ క్షణంలో నా మనసులో ఒకే మాట తిరిగింది. ఈ గదిని నేను కట్టాను, ఈ గదిని నేను కట్టాను అని.

నర్సమ్మ పిల్లను బోర్లా చేతి మీద వేసుకుని వీపు రుద్దింది, ముఖం మీద ఊదింది, తిట్టింది. "ఏడువే, ఏడువే నీ కడుపు గాల." ఎంతసేపు అయిందో నేను చెప్పలేను. పిల్ల ఒకసారి వెక్కి, సన్నగా ఏడ్చింది. అండాలు కళ్ళు తెరవడానికి ఇంకా చాలాసేపు పట్టింది. తెరిచి, వాంతి చేసుకుంది.

బండి కట్టి దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు చూసి, కుంపటి బొగ్గుల గాలి గదిలో నిండిందని చెప్పాడు. "రంధ్రం లేని గది ఎవడు కట్టిండయ్యా?" అని అడిగాడు. సాయిరెడ్డి నా వైపు చూడలేదు. నేనే చెప్పాను.

నర్సమ్మ చేతుల్లో దిగిన గాజుపెంకులు కంపౌండరు తీస్తుంటే నేను పక్కన కూర్చున్నాను. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె నెమ్మదిగా అడిగింది.

"తెరువని కిడికి దేనికి పెట్టినవ్ బిడ్డా?"

"ఎల్తురు కోసమవ్వా."

"ఎల్తురు తిని బతుకుతమా?" అంది. మళ్ళీ తనే, "మనిషికి ముక్కున్నట్టు ఇంటికి గూడ ముక్కుండాలె. గీ మాట నీకు ఆనాడే చెప్దామనుకున్న. అందరు నవ్విరి," అంది.

ఆ మధ్యాహ్నం సైకిలు మీద తిరిగి వస్తూ దారిలో రెండుసార్లు దిగి గట్టున కూర్చున్నాను.

మళ్ళీ వెళ్ళినప్పుడు

తల్లీ బిడ్డా బతికారు. అండాలుకు చాలా నెలలు తలనొప్పి ఉండేది. పిల్లకు ఏమీ కాలేదు, చక్కగా పెరిగింది. నేను మరుసటి వారమే సుతారిని, అంటే తాపీమేస్త్రీని, వెంటబెట్టుకుని వెళ్ళి ప్రతి గదికీ పైన కంతలు కొట్టించాను, అద్దం తీసేయించి రెండు రెక్కల కిటికీ పెట్టించాను. పని అయిపోయింది, తప్పు దిద్దుకున్నాను అనుకున్నాను.

ఎండాకాలంలో మళ్ళీ వెళ్ళాను. ఇంటి ముందు తలుపుకు తాళం. హాలు కిటికీలోంచి తొంగిచూస్తే లోపల పల్లికాయ బస్తాలు పేర్చి ఉన్నాయి. మనుషులంతా వెనక పశువుల కొట్టంలో ఉన్నారు. నేను నిర్ఘాంతపోయాను. ఒక పక్క బర్రెలు, మరో పక్క తడిక కట్టి అటు పక్క నులక మంచాలు, పొయ్యి, దండెం మీద బట్టలు. పిల్ల ఉయ్యాల దూలానికి వేలాడుతోంది. అంత ఇల్లు కట్టుకున్న మనిషి కొట్టంలో గడ్డికప్పు కింద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు.

"ఇదేంది సాయిరెడ్డీ?" అన్నాను.

"ఎండకు స్లాబు పెనం లెక్క కాలుతాంది సారు. పొద్దుమీకినంక గూడ సల్లారదు. గచ్చు మీద అమ్మ రెండుసార్లు జారిపడ్డది." కొంచెం సిగ్గుపడి, "ఇల్లు మంచిగనే ఉన్నది సారు. మేమే దానికి పనికొస్తలేం," అన్నాడు.

గుంజ చాటు నుంచి అండాలు మాట వినిపించింది. నాతో ఆమె మాట్లాడటం అదే మొదటిసారి.

"ఆ అర్రల కండ్లు మూస్తే మళ్ల తెరుస్తనో లేదో అని భయమైతది సారూ. ఎన్ని తొర్రలు కొట్టిచ్చినా నాకు గదే యాదికొస్తది."

కంతలు కొట్టించడం వల్ల గాలి వస్తుంది, భయం పోదు.

అంతకన్నా నన్ను నివ్వెరపరిచిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఏడాదే ముగ్గురు రైతులు నా దగ్గరకు వచ్చి, సాయిరెడ్డి ఇంటిలాంటిదే తమకూ గీసి ఇమ్మన్నారు. అక్కడ ఏం జరిగిందో వాళ్ళకు తెలుసు. ఊరంతా తెలుసు. "అద్దం గూడ గట్లనే పెట్టాలె సారు, తక్కువ కావొద్దు," అన్నాడు ఒకాయన. అందరూ సాయిరెడ్డిని అడిగే వచ్చారట. ఇల్లు బాగుందని ఆయనే చెప్పాడట. కొట్టంలో పడుకునే మనిషి ఆ మాట ఎలా చెప్పాడని మొదట కోపం వచ్చింది. తరువాత ఆలోచిస్తే అర్థమైంది. చూడటానికి పది ఊళ్ళ జనం వచ్చిన ఇంటిని బాగాలేదని ఆయన నోటితో ఎలా అంటాడు?

పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి. ఇల్లు కట్టించినవాణ్ణి అడిగితే నిజం తెలియదు. ఆ ఇంట్లో ఊడ్చేవాళ్ళను, వండేవాళ్ళను, జబ్బుపడి పడుకున్నవాళ్ళను అడగాలి. వాళ్ళు కూడా మొదటిసారి అడిగితే చెప్పరు.

సైకిలు మీద తిరిగిన రోజులు

అప్పటికి నా చేతి మీదుగా తొమ్మిది ఇళ్ళు లేచాయి. సెలవు పెట్టి ఒక్కొక్కటే తిరిగి చూశాను.

నిలబడి వండుకోవాలని ఒక ఇంట్లో నడుమెత్తు గట్టు కట్టించాను. ఆ ఇంటి కోడలు పొయ్యి పక్కన గట్టు మీదికే ఎక్కి పీట వేసుకుని కూర్చుని రొట్టెలు కొడుతోంది. ఆమె చీర కుచ్చిళ్ళకూ మంటకూ మధ్య జానెడు దూరం ఉంది. "దిగమ్మా" అన్నాను గడపలోంచి. "కూసోని చేసెటి పని నిలబడి ఎట్ల జేస్తరు సారు?" అని ఆమె ఎదురడిగింది.

ఇంకొక ఇంట్లో గుండ్రటి హాలు గోడకు మంచం ఆనడం లేదని, దాన్ని హాలు నట్టనడుమ వేసుకున్నారు. ఇంటికి అతికించి కట్టిన మరుగుదొడ్డిలో పిడకలు నింపుకున్నారు. వంటింటి గోడ అవతలే అది ఉండటం ఆ ఇంటి పెద్దావిడకు గిట్టలేదు. ఒకావిడ ఇల్లు చూపిస్తూ చూపిస్తూ ఏడ్చేసింది. ఎందుకని అడిగితే చెప్పింది, పాత ఇంట్లో నడుమ వాకిట్లో కూర్చుంటే రోజంతా ఆకాశం కనిపించేదట. ఇప్పుడు పొద్దెక్కిందో, మబ్బేసిందో తెలుసుకోవాలన్నా కొంగు సర్దుకుని వీధిలోకి రావాలి.

తొమ్మిదిళ్ళలో నాలుగింట్లో ఎవరూ పడుకోవడం లేదు. ఈ మాట మా ఇంజనీరు గారితో చెప్పాను. ఆయన ఫైలులోంచి తల ఎత్తకుండానే, "అలవాటు లేదు. అయితది," అన్నారు.

కట్టంగూరు దగ్గర కాలనీ

కొన్నేళ్ళకు, అరవైల్లో, కట్టంగూరు దగ్గర రోడ్డు పక్కన గొర్లకాపరులకు ఇరవై ఇళ్ళు కట్టే పని మాకు వచ్చింది. అప్పటికి నాకు బుద్ధి వచ్చిందని అనుకున్నాను. బుద్ధి వస్తే చాలదు, నోరు కూడా రావాలి. ఇంజనీరు గారు ఇరవై ఇళ్ళనూ ఒకే వరసలో, అన్ని తలుపులూ రోడ్డు వైపు పెట్టి గీశారు. కారులో పోయేవాళ్ళకు అందంగా కనిపించాలని ఆయన ఆలోచన. "సార్, వాళ్ళకు గొర్ల దొడ్డి వెనక ఉంటది గద," అని ఒకే ఒకసారి అన్నాను. "గొర్లు వెనక ఉంటే ఉండనీ, మనుషులు ముందుకు చూడాలె," అన్నారు. నేను ఊరుకున్నాను. మళ్ళీ అదే తప్పు.

పన్నెండు ఇళ్ళు పూర్తయి కాపరులు వాటిలో చేరాక పై అధికారి చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది. ముందు రోజు పొద్దున నేనూ ఇంజనీరు గారూ జీపులో వెళ్ళాం. జీపు దిగి ఆయన అలాగే నిలబడిపోయారు. పన్నెండు ఇళ్ళలో పది ఇళ్ళ ముందు తలుపులు బయటినుంచి రాళ్ళూ మట్టీ పెట్టి మూసేసి ఉన్నాయి. వెనకకు తిరిగి వెళ్ళి చూస్తే, ఆ పది ఇళ్ళకూ వెనక గోడను గడ్డపారలతో పగలగొట్టి, మనిషి వంగి దూరేంత దారి చేసుకున్నారు. కొత్త గోడలు, సున్నం తడి కూడా సరిగ్గా ఆరని గోడలు. ఇంజనీరు గారి ముఖం పాలిపోయింది.

బీరయ్య అనే పెద్దమనిషి భుజాన గొంగడి సర్దుకుంటూ దగ్గరికి వచ్చాడు. "కోపం జెయ్యకుండ్రి సారు," అన్నాడు.

"ఎందుకు పగలగొట్టిండ్రు?" అన్నారు ఇంజనీరు గారు. ఆయన గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ వినిపించింది.

"రోడ్డు దిక్కు మొకం పెట్టుకోని కూసుంటే జీవాలను ఎవలు జూస్తరు సారు? మొన్న తోడేలొచ్చి రెండు గొర్రె పిల్లలను ఎత్కపోయింది. గోడ అవుతల అరుపు ఇనబడ్డది. మా ఆడోళ్లు ముంగట తలుపు తీసి, ఇల్లంత చుట్టు తిరిగి ఉరికొచ్చెటాలకు అయిపోయింది. ఇగ ముంగట జూస్తే లారీలు. చిన్న పోరగాళ్లు గడప దాటితె రోడ్డే."

ఇంజనీరు గారు పగలగొట్టిన గోడ అంచును చేత్తో తడిమి చూశారు. ఇటుక మీద ఇటుక ఎంత సరిగ్గా కూర్చుందో ఆ పగులులో కనిపిస్తోంది. మంచి పని. తరువాత బీరయ్యను, "ముందే ఎందుకు చెప్పలే?" అని అడిగారు.

"మీరు అడుగుతె గద సారు," అన్నాడు బీరయ్య, ఏ ఎత్తిపొడుపూ లేకుండా.

మరునాడు పై అధికారి ముందు ఇంజనీరు గారు తప్పు తనదేనని చెప్పారు. కింద నేను ఉన్నాను, నా మీద తోసేయవచ్చు. తోసేయలేదు. ఆయన గురించి ఎన్ని చెప్పినా ఈ ఒక్కటి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. తిరిగి వస్తూ జీపులో, "మిగిలిన ఎనిమిదీ నువ్వే చూసుకో. సిమెంటు మాత్రం పర్మిట్టు ఉన్నంతే. గోడలు ఎక్కడ పెడతవో నాకు చెప్పకు," అన్నారు. అటు తరువాత ఆ బొమ్మల పుస్తకం ఆయన బల్ల మీద నేను చూడలేదు.

నేను కాలనీకి ఒక్కణ్ణే వెళ్ళాను. మగవాళ్ళంతా మందల వెంట పోయారు. మొదటి జాగా మల్లమ్మ అనే ఆమెది, ముప్ఫై ఏళ్ళు ఉంటాయి. ఆమె రాళ్ళ మీద కూర్చుని మేకపిల్లకు పాలు తాగిస్తోంది.

"మల్లమ్మా, నీ ఇంటికి తలుపు ఏ దిక్కు పెట్టాలె? పొయ్యి ఏడ పెట్టాలె?" అని అడిగాను.

ఆమె వెనక్కి తిరిగి చూసింది, నేను ఇంకెవరినో అడుగుతున్నాననుకుని. ఎవరూ లేరు. మేకపిల్లను కింద వదిలి లేచి నిలబడింది.

"నన్నడుగుతున్నరా సారూ?"

"నిన్నే."

ఆమె ముఖం చూసి నాకు భయమేసింది, ఏమైనా తప్పు మాట అన్నానేమోనని. కళ్ళు పెద్దవి చేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నిజంగా బిత్తరపోయినట్టు చూసింది.

"నన్ను ఇంతదనుక ఎవలు ఏం అడగలే సారూ," అంది. "పెండ్లి జేసెటప్పుడు గూడ అడగలే."

ఆమె తన జాగా వైపు తిరిగి చూసి, "జర రేపు రాండ్రి. సోంచాయించి చెప్త," అంది.

మరునాడు వెళ్ళేసరికి ఆ నేల మీద వరసగా రాళ్ళు పెట్టి గోడలు గుర్తు చేసి ఉన్నాయి. మల్లమ్మ ఆ రాళ్ళ మధ్య పొయ్యి ముందు కూర్చున్నట్టు కూర్చుని, తల తిప్పి దొడ్డి కనిపిస్తోందా అని చూసింది. కనిపించలేదు. లేచి ఒక రాయిని నాలుగు జానలు జరిపింది. మళ్ళీ కూర్చుంది. గుప్పెడు దుమ్ము తీసి వదిలి, గాలి ఎటు పోతోందో చూసింది. మంచం వేసినట్టు నేల మీద పడుకుని చూసింది. పక్క జాగాల ఆడవాళ్ళు వచ్చి మొదట నవ్వారు, తరువాత నవ్వడం మానేసి ఎవరి జాగాలోకి వాళ్ళు పోయి రాళ్ళు ఏరడం మొదలుపెట్టారు. ఒకామె రెండు గదులు వద్దు, ఒకటే పెద్దది కావాలంది. ఇంకొకామె అత్తతో గట్టిగా జగడమాడి తలుపును ఉత్తరం నుంచి తూర్పుకు మార్చింది.

నా చేతిలో కొలతల టేపు, కొత్త కాగితం ఉన్నాయి. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నీడలో ఒక బండ మీద కూర్చున్నాను. ఎనిమిది జాగాల్లోనూ ఆడవాళ్ళు రాళ్ళు ఎత్తుతూ, జరుపుతూ, ఒకరి జాగాలోకి ఒకరు వెళ్ళి పడుకుని చూస్తూ ఉన్నారు. పొద్దు వాలేదాకా వాళ్ళు ఆపలేదు. వాళ్ళు ఆపేదాకా నేను గీత గీయలేదు.